'మోస్ట్ బ్రైటెస్ట్ డిస్‌ప్లే' అని రాసింది నేనే, అందుకే ఇది రాస్తున్నా

ముందే ఒప్పేసుకుంటా. పోయిన వేసవిలో ఒక బడ్జెట్ ఫోన్ రివ్యూకి నేను పెట్టిన హెడ్డింగ్: "ఈ రేటులో మోస్ట్ బ్రైటెస్ట్ డిస్‌ప్లే!" చివర ఆశ్చర్యార్థకం కూడా ఉంది. రాసినప్పుడు గర్వంగానే ఉంది.

రెండు వారాల తర్వాత మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాళ్లది పామర్రు. వాడు బంటుమిల్లి వైపు వనామీ చెరువులు చూసుకుంటాడు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా గట్టు మీదే పని. మేతలు, మోటార్లు, వాట్సాప్‌లో వచ్చే కౌంట్ రేట్లు, అన్నీ ఫోన్‌లోనే.

"అన్నయ్యా, నువ్వు రాశావని ఆ ఫోనే కొన్నా. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నుంచుంటే స్క్రీన్ మీద ఏమీ కనపడట్లేదు. రేటు చూసుకోవాలంటే షెడ్డులోకి పరిగెత్తాల్సొస్తోంది."

"బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టావా?"

"ఫుల్లే. ఇంతకీ నువ్వు దేనికంటే బ్రైటెస్ట్ అన్నావు?"

నా దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే, ఆ నెల నా టేబుల్ మీద మూడు ఫోన్లున్నాయి. ఆ మూడిట్లో అది కాస్త వెలుగ్గా కనిపించింది. అదీ గదిలో, ట్యూబ్‌లైట్ కింద. దాన్ని నేను "మోస్ట్ బ్రైటెస్ట్" చేసి పారేశా. వాడు ఆ మాట నమ్మి 14 వేలు పెట్టాడు.

ఆ ఫోన్ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. తప్పు ఫోన్‌ది కాదు, నాది. ఇంకా చెప్పాలంటే ఆ రెండు పదాలది. "మోస్ట్", "బ్రైటెస్ట్" పక్కపక్కన నుంచోకూడదు అన్నది గ్రామర్ రూల్. దాన్ని ఇన్నాళ్లూ చిన్న విషయం అనుకున్నా. ఇప్పుడు అనుకోవట్లేదు. ఎందుకో చెప్తా.

మనకి ఈ తప్పు ఎక్కణ్నుంచి వస్తుంది?

ముందుగా ఒకటి. "మోస్ట్ బెస్ట్", "మోర్ బెటర్" అనేవాళ్లని చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆ జట్టులో లేను. ఈ తప్పు తెలివితక్కువ వల్ల రాదు, తెలుగు బాగా వచ్చినందువల్ల వస్తుంది.

చూడండి. "వాడు పొడుగు." "వాడు వీడికంటే పొడుగు." "వాడు క్లాసులో అందరికంటే పొడుగు." మూడు వాక్యాల్లోనూ "పొడుగు" అనే మాట కదల్లేదు, మెదల్లేదు. పోలిక అంతా "కంటే" మోసింది. ఇంగ్లీష్‌లో అలా కాదు. టాల్, టాలర్, టాలెస్ట్ అని మాటే రూపం మార్చుకుంటుంది. ఆ "ఎస్ట్" అనే తోక తగిలిందంటే "అన్నిటికంటే" అనే అర్థం లోపలికి వచ్చేసినట్టే. గుడ్ అయితే తోక కూడా పెట్టుకోదు, ఏకంగా బెస్ట్ అయిపోతుంది.

మన చెవికి ఆ తోక బరువు వినపడదు. "బెస్ట్" అంటే మనకి "మంచి" అన్నట్టే ఉంటుంది. మరి "అన్నిటికంటే" ఎక్కడ? అది లేదనిపించి ముందు "మోస్ట్" తగిలిస్తాం. అంటే అన్నిటికంటే అన్నిటికంటే మంచిది అన్నట్టు.

మన సంస్కృత పదాల్లోనూ ఇదే జరిగింది. "ఉత్తమ"లో ఉన్న "తమ" ప్రత్యయమే సూపర్లేటివ్. "శ్రేష్ఠ", "కనిష్ఠ", "గరిష్ఠ"లో "ఇష్ఠ" కూడా అంతే. అయినా మనం "అత్యుత్తమ" అంటాం, "అత్యంత శ్రేష్ఠమైన" అంటాం. అవి వాడుకలో స్థిరపడిపోయాయి, ఎవరూ తప్పు పట్టరు. ఇంగ్లీష్ చరిత్రలోనూ ఈ జంట ఉంది. షేక్స్‌పియర్ "జూలియస్ సీజర్"లో ఆంటోనీ చేత డబుల్ సూపర్లేటివ్ పలికించాడు. అప్పట్లో అది తప్పు కాదు. తర్వాత వచ్చిన వ్యాకరణాలు దాన్ని బయటికి నెట్టేశాయి. కాబట్టి "మోస్ట్ బెస్ట్" అన్న కుర్రాడు వింత మనిషేం కాదు. కాకపోతే ఈ రోజుల్లో అది రెజ్యూమేలో కనిపిస్తే ఇంటర్వ్యూ చేసేవాడి మొహం మారుతుంది. రివ్యూలో కనిపిస్తే చదివేవాడి డబ్బు మారుతుంది.

గాడ్జెట్ రాతల్లో ఎక్కువగా కనిపించే తప్పు జంటలు

మన రాతల్లో, వీడియోల్లో, షాపుల బోర్డుల మీద నాకు పదేపదే కనిపించేవి ఇవి. సగం నా పాత రివ్యూల్లోంచే ఏరాను.

1. మోస్ట్ ఫాస్టెస్ట్, మోస్ట్ స్లిమ్మెస్ట్, మోర్ బెటర్, మోస్ట్ వరస్ట్. వీటికి మందు తేలిక. రెండిట్లో ఒకటి తీసేయండి. ఫాస్టెస్ట్ ఒక్కటి చాలు. పొడుగు మాటలకి తోక తగలదు కాబట్టి అక్కడ మోస్ట్ ఒక్కటే వాడాలి: మోస్ట్ పవర్‌ఫుల్, మోస్ట్ ఎక్స్‌పెన్సివ్. "మోర్" ఎక్కడైనా కలపాలనిపిస్తే "మచ్ బెటర్" అనండి, అది సరైన జంటే.

2. చీపెస్ట్ ప్రైస్. ఇది చాలామంది ఇంగ్లీష్ వాళ్లు కూడా చేసే తప్పు. వస్తువు చీప్ అవుతుంది, ధర లో అవుతుంది. చీపెస్ట్ ఫోన్, లోయెస్ట్ ప్రైస్. మనకి ఇది ఎందుకు అలవాటైందో ఊహించడం కష్టం కాదు. రేషన్ షాపుని మనం పుట్టినప్పటి నుంచీ "చౌక ధరల దుకాణం" అనే అంటున్నాం. తెలుగులో చౌక ధర చక్కగా ఇమిడిపోయింది. ఇంగ్లీష్‌లోకి అలాగే మోసుకెళ్తే ఇమడదు.

3. ఫాస్టెస్ట్ స్పీడ్, బిగ్గెస్ట్ రిజల్యూషన్, హాటెస్ట్ టెంపరేచర్. స్పీడ్, రిజల్యూషన్, టెంపరేచర్ మూడూ కొలతలు. కొలత పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకని మూడిటికీ హైయెస్ట్. ప్రాసెసర్ ఫాస్టెస్ట్ అవ్వొచ్చు, దాని క్లాక్ స్పీడ్ మాత్రం హైయెస్ట్.

4. హైయెస్ట్ బ్యాటరీ. తెలుగులో "ఎక్కువ" అనే ఒక్క మాట అన్ని పనులూ చేస్తుంది. బ్యాటరీ ఎక్కువ, వేగం ఎక్కువ, రేటు ఎక్కువ, వేడి ఎక్కువ. ఇంగ్లీష్‌లో ఒక్కో దానికి ఒక్కో మాట. 6000 ఎంఏహెచ్ గురించి అయితే లార్జెస్ట్ లేదా బిగ్గెస్ట్ బ్యాటరీ. ఎంతసేపు వస్తుందన్నదాని గురించి అయితే లాంగెస్ట్ బ్యాటరీ లైఫ్. ఈ రెండూ ఒకటి కాదు. 6000 ఎంఏహెచ్ ఫోన్ కంటే 5000 ఎంఏహెచ్ ఫోన్ ఎక్కువసేపు రావచ్చు. ప్రాసెసర్, డిస్‌ప్లే ఎంత తింటున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. "హైయెస్ట్ బ్యాటరీ" అని రాసేస్తే ఆ తేడానే మింగేసినట్టు.

5. మోస్ట్ యునీక్ డిజైన్, మోర్ పర్‌ఫెక్ట్, మోస్ట్ వాటర్‌ప్రూఫ్. యునీక్ అంటే అలాంటిది ఇంకోటి లేదని. ఇంకోటి లేనిదాంట్లో ఎక్కువ తక్కువలుండవు. వాటర్‌ప్రూఫ్ ఇంకా ప్రమాదం. నీళ్లు అస్సలు దూరవు అని చెప్పినట్టు. నిజానికి ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. ఐపీ68లో అంతకు మించి ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. ఆ పరీక్షలు మంచినీళ్లలో చేస్తారు. చెరువులోని ఉప్పునీళ్లకి, సబ్బునీళ్లకి ఆ రేటింగ్ హామీ ఇవ్వదు. అందుకే వాటర్ రెసిస్టెంట్ అనాలి, పక్కన రేటింగ్ రాయాలి.

6. వన్ ఆఫ్ ది బెస్ట్ ఫోన్. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇదే. చివర ఫోన్స్ అని ఉండాలి. విచిత్రం ఏంటంటే తెలుగులో ఈ తప్పు ఎవరూ చేయరు. "మంచి ఫోన్లలో ఇదొకటి" అంటాం. "మంచి ఫోన్‌లో ఇదొకటి" అని ఎవరైనా అంటారా?

7. ఫాస్టర్ దేన్ ఎనీ ఫోన్ ఇన్ దిస్ సెగ్మెంట్. ఆ ఫోన్ కూడా ఆ సెగ్మెంట్‌లోదే కదా. తనకంటే తనే ఫాస్ట్ ఎలా అవుతుంది? ఎనీ అదర్ ఫోన్ అనాలి. తెలుగులో అయితే "మిగతా ఫోన్లన్నిటికంటే" అని "మిగతా" దానంతటదే వచ్చి పడుతుంది.

8. రెండు ఫోన్లు పక్కన పెట్టి బెస్ట్ అనడం. నార్మల్, ప్రో రెండే ఉన్నప్పుడు రాతలో బెటర్ అనడం పద్ధతి. మాటల్లో ఇంగ్లీష్ వాళ్లే బెస్ట్ అనేస్తుంటారు కాబట్టి దీని మీద నేను పెద్దగా పట్టుబట్టను.

ఈ ఎనిమిదీ రాసుకున్నాక ఒకటి గమనించా. ఆరు, ఏడు లాంటి చోట్ల మన తెలుగే మనకి సరైన దారి చూపిస్తోంది. తెలుగులో "అన్నిటికంటే" అనాలంటే వేటన్నిటికంటే అన్నది బయటికి రావాల్సిందే. "క్లాసులో అందరికంటే", "ఊళ్లో అందరికంటే", "ఈ మూడిట్లోకీ". ఇంగ్లీష్ బెస్ట్‌కి ఆ ఇబ్బంది లేదు. ఒంటరిగా వచ్చి హెడ్డింగ్‌లో కూర్చుంటుంది, వేటిలో బెస్ట్ అని ఎవరూ అడగరు. నా హెడ్డింగ్‌ని నేను తెలుగులో రాసుకుని ఉంటే "మా టేబుల్ మీదున్న మూడిట్లోకీ ఇదే వెలుగు" అని వచ్చేది. అది చదివి మా తమ్ముడు 14 వేలు పెట్టేవాడు కాదు.

పెద్ద కంపెనీలేం తక్కువ తినలేదు

2008 సెప్టెంబరులో స్టీవ్ జాబ్స్ కొత్త ఐపాడ్ టచ్‌ని చూపిస్తూ అది ఇప్పటిదాకా వచ్చిన వాటిలో "ఫన్నెస్ట్" ఐపాడ్ అన్నాడు. ఫన్‌కి తోక తగిలించొచ్చా అని ఇంగ్లీష్ వాళ్లు చాలాకాలం కొట్టుకున్నారు. దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. సరదా ఎంతుందో ఎవరూ స్కేలు పెట్టి కొలవరు.

2003 నాటి కథ వేరు. పవర్ మ్యాక్ జీ5ని ఆపిల్ ప్రపంచంలోనే ఫాస్టెస్ట్ పర్సనల్ కంప్యూటర్ అని ప్రచారం చేసింది. వ్యాకరణం పరంగా ఆ వాక్యంలో ఒక్క తప్పు లేదు. కానీ బ్రిటన్‌లో ప్రేక్షకులు ఫిర్యాదు చేశారు. అక్కడి టీవీ నియంత్రణ సంస్థ ఆ మాటకి తగిన రుజువు లేదని ఆ ప్రకటనని మళ్లీ వేయొద్దంది. గ్రామర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన సూపర్లేటివ్ నిజం అయిపోదని అప్పుడే తేలింది.

మన దేశంలోనూ ఇది ఊరికే పోయే మాట కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. కంపెనీకే కాదు, ఆ వస్తువుని పొగిడి ప్రచారం చేసే వాళ్లకి కూడా. 2022 జూన్‌లో దీని మీద మార్గదర్శకాలు కూడా వచ్చాయి. ఫోన్ ఫ్రీగా తీసుకుని, డబ్బులు తీసుకుని "ఇండియాలోనే నంబర్ వన్" అని చెప్పే మన క్రియేటర్ మిత్రులు ఒకసారి చదువుకోవడం మంచిది.

ఫుల్ కంటే హై ఎక్కువా?

గాడ్జెట్ ప్రపంచంలో ఈ పెద్ద పెద్ద మాటల గతి ఏమవుతుందో తెలియాలంటే యూఎస్‌బీ చరిత్ర చూస్తే చాలు.

1996లో వచ్చిన మొదటి యూఎస్‌బీలో రెండు వేగాలు. లో స్పీడ్, ఫుల్ స్పీడ్. ఫుల్ స్పీడ్ అంటే 12 ఎంబీపీఎస్. ఫుల్ అంటే నిండిపోయినట్టే కదా, ఇంక పైన ఏముంటుంది? 2000లో యూఎస్‌బీ 2.0 వచ్చింది, 480 ఎంబీపీఎస్. దానికి హై స్పీడ్ అని పేరు పెట్టారు. అంటే ఫుల్ కంటే హై 40 రెట్లు ఎక్కువ! 2008లో 5 జీబీపీఎస్‌తో సూపర్‌స్పీడ్. తర్వాత 10 జీబీపీఎస్‌కి సూపర్‌స్పీడ్ ప్లస్. ఆ తర్వాత పేర్లు ఎంత గందరగోళం అయ్యాయంటే కేబుల్ కొనేవాడికి తల తిరిగేది. చివరికి 2022లో ఆ సంస్థే సూపర్‌స్పీడ్ పేరుని పక్కన పెట్టేసింది. కొనేవాళ్లకి కనిపించే లేబుల్స్ మీద 5 జీబీపీఎస్, 10 జీబీపీఎస్, 20 జీబీపీఎస్, 40 జీబీపీఎస్ అని అంకెలే ఉండాలంది.

పాతికేళ్లకి పైగా విశేషణాలతో కుస్తీ పట్టి, చివరికి అంకెకే వచ్చారు.

టీవీల్లోనూ ఇదే తంతు. హెచ్‌డీ, దాని మీద ఫుల్ హెచ్‌డీ, ఫుల్ మీద క్వాడ్, దాని మీద అల్ట్రా. ఫోన్ల పేర్లు చూడండి. ప్రో, ప్రో మ్యాక్స్, అల్ట్రా. మ్యాక్స్ అంటే గరిష్ఠం. వచ్చే ఏడాది మ్యాక్స్ ఈ ఏడాది మ్యాక్స్‌ని మించుతుంది, మరి అది గరిష్ఠం ఎలా అయింది? పేర్ల వరకూ కంపెనీ ఇష్టం, పిల్లలకి పేర్లు పెట్టుకున్నట్టు. రివ్యూ రాసేవాళ్లం మనం కూడా అదే పాట పాడితే ఇంక మనమెందుకు?

నా హెడ్డింగ్ వెనక ఉన్న మోసం కూడా ఇలాంటిదే. ఆ ఫోన్ బాక్స్ మీదున్నది పీక్ బ్రైట్‌నెస్. సాధారణంగా ఈ పీక్ అంకె స్క్రీన్‌లో చిన్న భాగం మాత్రమే వెలుగుతున్నప్పుడు, హెచ్‌డీఆర్ వీడియో ఆడుతున్నప్పుడు వచ్చేది. ఎండలో నుంచున్నప్పుడు మొత్తం స్క్రీన్‌కి వచ్చే వెలుగు వేరు. దాన్ని హై బ్రైట్‌నెస్ మోడ్ అంటారు. చాలా ఫోన్లలో ఇది పీక్ కంటే బాగా తక్కువ. గట్టు మీద నుంచున్న మనిషికి కావల్సింది రెండో అంకె. నేను రెండూ రాయలేదు, "బ్రైటెస్ట్" అని రాసి ఊరుకున్నా. "మోస్ట్" కూడా కలిపా, అంకె లేని లోటు కనపడకుండా.

తుపానుకి ఉన్న క్రమశిక్షణ ఫోన్‌కి వద్దా?

పామర్రు సెంటర్‌లో బస్సు దిగితే ఒక దారి బందరు, ఒకటి గుడివాడ, ఇంకోటి కూచిపూడి వైపు. అక్కణ్నుంచి కింద దివిసీమ దాకా నవంబరు, డిసెంబరు వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ తుపాను మాటే. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి వినకుండా ఇక్కడ ఎవరూ పెరగరు.

తుపాను వార్తల్లో మాటలు గమనించారా? తుపాను, తీవ్ర తుపాను, అతి తీవ్ర తుపాను. వినడానికి ఇవీ మన "సూపర్", "అల్ట్రా" లాంటివే. కానీ వాతావరణ శాఖ ఆ మాటలని ఊరికే వాడదు. గాలి గంటకి 62 కిలోమీటర్లకి చేరితేనే తుపాను. 90కి అటూ ఇటూగా తీవ్ర తుపాను మొదలవుతుంది. 118 దగ్గర అతి తీవ్ర తుపాను. 220 దాటితే సూపర్ సైక్లోన్. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్‌ని తీవ్ర తుపాను అన్నారంటే దాని వెనక ఒక కొలత ఉంది. ఎవరో యాంకర్‌కి నోరు తిరిగి వచ్చిన మాట కాదు. నాగాయలంకలో పడవ ఉన్నవాడు ఆ మాటని బట్టి పడవ ఎక్కడ కట్టాలో నిర్ణయించుకుంటాడు.

అక్కడ "మోస్ట్ తీవ్ర తుపాను" అని ఎవరైనా అంటే ఏమవుతుంది? జనం ఒకసారి భయపడతారు, రెండోసారి నవ్వుతారు, మూడోసారి అసలు వినరు. మన రివ్యూలకి ప్రస్తుతం ఆ మూడో స్టేజి వచ్చేసింది. వారానికి రెండు "బెస్ట్ ఎవర్" ఫోన్లు వస్తుంటే చదివేవాళ్లు మాత్రం ఎంతకని నమ్ముతారు?

"అర్థమైతే చాలదా బ్రో?"

ఈ మాట నాకు ఖాయంగా వస్తుంది, అందుకే ముందే చెప్తా.

మాటల్లో చాలు. ఫ్రెండ్‌తో టీ తాగుతూ "మోస్ట్ బెస్ట్ ఫోన్ రా" అంటే నేను సరిచేయను. అలా సరిచేసేవాడితో ఎవరూ టీ తాగరు. "ఈ ఫోన్ కేక", "తోపు", "కిరాక్" అని రాసినా నాకు అభ్యంతరం లేదు. అవి మన సంతోషాన్ని చెప్తాయి, దేన్నీ కొలిచామని చెప్పవు. "కేక" అన్నావు కదా అని ఎవడూ లెక్క అడగడు. బెస్ట్, ఫాస్టెస్ట్, బ్రైటెస్ట్ అలాంటివి కావు. అవి పోటీ పెట్టి, ఫలితం చెప్తున్నట్టు ఉంటాయి. పోటీ పెట్టకుండా ఫలితం ప్రకటిస్తే అది అబద్ధం.

"గ్రామర్ సరిచేస్తే అబద్ధం పోతుందా?" అని కూడా అడగొచ్చు. పోదు. "మోస్ట్ బ్రైటెస్ట్"ని "బ్రైటెస్ట్" అని దిద్దినా మా తమ్ముడికి ఎండలో స్క్రీన్ కనపడదు. కానీ నా అనుభవంలో ఆ తప్పు జంట ఒక గుర్తులా పనికొస్తుంది. నేను ఎక్కడెక్కడ రెండు సూపర్లేటివ్‌లు కలిపానో పాత రివ్యూలు తీసి చూసుకున్నా. ప్రతిచోటా నాకు అంకె తెలియలేదు, లేదా పోల్చి చూడలేదు. తెలిసినచోట ఒక్క మాటే సరిపోయింది. మాట వెనక సరుకు లేనప్పుడే పక్కన ఇంకో మాటని తోడు పిలుస్తాం.

కాబట్టి ఇప్పుడు నేను చేస్తున్నది ఇదీ. ఎక్కడ ఎస్ట్ అనే తోక గాని, మోస్ట్ గాని రాయాలనిపించినా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నా. దేంట్లో? వేటిలో? ఎంత? మూడిటికీ జవాబుంటే రాస్తా. "మేం పరీక్షించిన 15 వేల లోపు ఐదు ఫోన్లలో ఎండలో ఎక్కువ వెలుగిచ్చింది ఇదే, మా మీటర్‌లో ఇన్ని నిట్స్ వచ్చింది" అని. వాక్యం పొడుగైంది, హెడ్డింగ్‌లో పట్టదు, క్లిక్కులు తగ్గొచ్చు. కానీ తప్పు జంట పెట్టాలన్నా పట్టే చోటే లేదు అందులో. మూడిట్లో ఒకదానికి జవాబు లేకపోతే "బాగుంది" అని రాస్తా. బాగుంది అనే మాటకి ఏం తక్కువ? పెళ్లి భోజనం నుంచి పెళ్లికూతురి దాకా మన పెద్దవాళ్లు ఆ ఒక్క మాటతోనే తేల్చేసేవాళ్లు.

పాత రివ్యూ హెడ్డింగ్ మార్చేశా. కింద ఎందుకు మార్చానో కూడా రాశా.

సంక్రాంతికి పామర్రు వెళ్లినప్పుడు మా తమ్ముడికి ఇదంతా చెప్పా. వాడు ఓపిగ్గా విని అన్నాడు: "అన్నయ్యా, మా దగ్గర రొయ్యని ఎవడూ బెస్ట్ రొయ్య అని కొనడు. కౌంట్ ఎంత అని అడుగుతాడు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. దాన్ని బట్టే రేటు. నువ్వు ఎంత పొగిడినా కాటా ఒప్పుకోదు. మీ ఫోన్లకి కౌంట్ ఉండదా?"

"ఉంటుందిరా. రాయడానికి బద్ధకించాం."

వాడు నవ్వి, ఆ ఫోనే తీసి, స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని టైమ్ చూసుకున్నాడు.